ప్రేగు పొరకును చక్కెర జబ్బునకును గల సంబంధము

షోలాపూరు మొదలు యానాము వరకు, సేలము మొదలు బరంపురము వరకు, మనవారు స్థిరపడిన ఏ ఊరి నేతవాడకు పోయినను చక్కెర జబ్బు మాట వినబడని యిల్లు అరుదు. భారత వైద్య పరిశోధనా మండలి వారు దేశమంతట జరిపిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. ఆ లెక్కను బట్టి మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. అనగా ఇరువది యేండ్లు నిండినవారిలో నూటికి 11 మందికి పైమాటే. మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ జబ్బు గడపలో నిలిచియున్నారు. పుదుచ్చేరిలో నూటికి 26 మందికి ఈ జబ్బు ఉన్నట్లు తేలినది. అది యానాము ఒక్కదాని లెక్క కాదు, ఆ కేంద్రపాలిత ప్రాంతమంతటి లెక్క. అయినను నలుగురిలో ఒకరన్న మాట విని యానాము సోదరులు ఊరకుండదగదు.

జబ్బు ఉన్నచోట మందుల బేరగాండ్రును ఉందురు. "ప్రేగునకు చిల్లులు పడుటవలననే చక్కెర వచ్చును, ప్రేగు బాగుపడినచో చక్కెర తానే పోవును, మా పొడి మూడు డబ్బాలు వాడి మాత్రలు మానివేయుడు" అను తీరు ప్రకటనలు ఇప్పుడు చేతిలోని ఫోనులో దిగుచున్నవి. ఇందులో నిజమెంత అని సభ్యులు కొందరు మమ్ము అడిగిరి. మాత్రలు మానినవారును ఉన్నారని వినుటచే ఈ సంచికలో ఈ విషయమును కొంత విస్తరించి వ్రాయుచున్నాము. ఆ ప్రకటనలు పూర్తిగా కల్పన అని మేము చెప్పజాలము. ప్రేగు పొరకును మధుమేహమునకును సంబంధము ఉన్నమాట నిజము. అయితే ఆ నిజము వేరు, దానిని అడ్డుపెట్టుకొని సాగు బేరము వేరు.

మొదట ప్రేగు పొర అననేమో చూతము. మన ఆహారమార్గమును నోటి నుండి తుది వరకు పరచి, ముడుతలన్నియు విప్పి కొలిచినచో సుమారు 32 చదరపు మీటర్లు ఉండునని స్వీడను దేశపు పరిశోధకులు 2014లో లెక్క తేల్చిరి. మన లెక్కలో చెప్పవలెనన్న ఐదు చీరలు పక్కపక్కన పరచినంత. ఇందులో చాల భాగము చిన్న ప్రేగుదే. ఈ ఐదు చీరల మేర లోపలి అంచుగా ఉండునది ఒకే ఒక్క వరుస జీవకణములు. దాని మందము మిల్లీమీటరులో యాబదవ వంతు మాత్రమే. ఆ వరుసకు ఇవతల అన్నము, నీరు, కోట్లకొలది సూక్ష్మజీవులు, అవతల రక్తము. ఇంత పలుచని తెర ఇంత పని యెట్లు చేయుచున్నదని ఎవరికైనను ఆశ్చర్యము కలుగకమానదు. ఇందు గల కిటుకు ఏమనగా ఈ కణములు చిరకాలము ఉండవు. మూడు నుండి ఐదు దినములకొకసారి పాతవి రాలి క్రొత్తవి పుట్టుచుండును. మగ్గము దిగకుండ నేయుచునే ఉండు బట్ట వంటిది అది.

కణమునకు కణమునకు నడుమ సందు ఉండును గదా, అచ్చట ఏది కాపు? ఆ సందులను బిగించి కుట్టిన కుట్టువంటి కట్టు ఒకటి కలదు. ఇది వట్టి జిగురు అని చాలకాలము వైద్యశాస్త్రజ్ఞులు తలచిరి. జపాను దేశపు షోయిచిరో త్సుకితా, ఆయన తోడివారు 1993లో ఆక్లుడిన్ అను మాంసకృత్తును, 1998లో క్లాడిన్లను కనుగొని, అది జిగురు కాదు, బిగియుటకు వదులగుటకు వీలుగల సజీవమైన కట్టు అని తేల్చిరి. నీరు, లవణములు, మిక్కిలి చిన్న అణువులు ఆ సందున పోవును. పెద్దవి పోరాదు. పెద్దవి కూడ పోవుటనే "ప్రేగు పొర వదులగుట" అందురు. అంతియే గాని ప్రకటనలలో చూపినట్లు ప్రేగునకు కంటికి కనబడు రంధ్రములు పడుట కాదు. నిజముగ రంధ్రము పడిన మనిషి పొడి డబ్బా కొనడు; అతనిని శస్త్రచికిత్సకై ఆసుపత్రికి మోసుకొనిపోవలసివచ్చును.

ఈ కణముల వరుసపై మరియొక కాపుదల కలదు. మనవారికి ఇది చప్పున బోధపడును. పడుగునకు గంజి పట్టించి కుంచెతో దువ్వి ఆరబెట్టుట ఎందులకు? నూలు నుండి నూగు లేవకుండుటకు, అచ్చు రాపిడికి, నాడె తాకిడికి పోగు తెగకుండుటకు. ప్రేగు కణములపైనను ఇట్లే జిగట పొర ఒకటి పూయబడియుండును. పెద్ద ప్రేగులో అది రెండు వరుసలు. పై వరుసలో సూక్ష్మజీవులు నివసించును. లోపలి వరుసలో అవి చొరవు. ఆ జిగటను ప్రేగు కణములే దినదినము స్రవించుచుండును. గంజి చాలని పడుగు ఏమగునో మనకు తెలియును. జిగట పలుచబడిన ప్రేగు గతియు ఇంచుమించు అంతే: సూక్ష్మజీవులు కణములను ఆనుకొనివచ్చును, సందుల కట్టు సడలును.

ఇక చక్కెర జబ్బు ఇందులోనికి ఎట్లు వచ్చినది? మన ప్రేగులోని బాక్టీరియాలలో ఒక పెద్ద తెగకు పై తొడుగులో లైపోపాలిసాకరైడు అను పదార్థము ఉండును. బాక్టీరియా చచ్చినను ఆ తొడుగు ముక్కలు మిగులును. ఇది లోవిషము, దీనిని ఎండోటాక్సిన్ అందురు. ప్రేగులో ఉన్నంతవరకు దీనివలన బాధ లేదు. రక్తములో మోతాదుగా పడినచో ప్రాణమే పోవచ్చును. అయితే కొద్దికొద్దిగా, జ్వరము కూడ రానంత స్వల్పముగ, నెలల తరబడి రక్తములోనికి ఊరుచున్నచో ఏమగును? ఈ ప్రశ్నను బెల్జియము దేశపు పాట్రీస్ కానీ అను శాస్త్రజ్ఞుడును, ఫ్రాన్సు దేశమున ఆయన తోడివారును ఎలుకలపై పరీక్షించి 2007లో ఫలితము ప్రకటించిరి. నాలుగు వారములు మిక్కుటమైన క్రొవ్వుతో మేపిన ఎలుకల రక్తములో ఎండోటాక్సిన్ రెండు మూడు రెట్లు పెరిగినది. మరికొన్ని ఎలుకలకు మామూలు మేతయే పెట్టి, అంతే మోతాదు ఎండోటాక్సినును చర్మము క్రింద ఎడతెగక ఎక్కించిరి. ఆ ఎలుకలును బరువెక్కినవి. వాటి రక్తములోను చక్కెర పెరిగినది. ఎండోటాక్సినును గుర్తుపట్టు శక్తి పుట్టుకతోనే లేని ఎలుకలకు మాత్రము ఈ బాధ చాలవరకు తప్పినది.

దీనికి కారణము కొంత ముందే తెలిసియుండెను. దేహములో ఎక్కడ శత్రువు చొరబడినను రక్షక కణములు మంట పుట్టించు పదార్థములను విడుచును. అందులో ఒకటి క్రొవ్వులో పుట్టి ఇన్సులిన్ పనికి అడ్డుపడుచున్నదని అమెరికాలో హోతామిస్లిగిల్, స్పీగెల్మన్ అనువారు 1993లోనే చూపియుండిరి. ఇన్సులిన్ అనునది కణము తలుపు తట్టి "చక్కెర వచ్చినది, తీసికొనుడు" అని చెప్పు కబురు. మంట పుట్టిన కణమునకు ఆ కబురు సరిగా చెవికెక్కదు. క్లోమము మరింత ఇన్సులినును పంపును, మరింత గట్టిగా తట్టును. కొన్నియేండ్లకు క్లోమమే అలసిపోవును. పెద్దవయసున వచ్చు చక్కెర జబ్బు చాలమందిలో ఈ దారినే వచ్చును.

ఇచ్చట మనవారికి ప్రత్యేకముగ పనికివచ్చు సంగతి ఒకటి చెప్పవలసియున్నది. నూలుకు గంజిపెట్టు కార్ఖానాలలో పిండి గంజికి తోడుగానో బదులుగానో కార్బాక్సీమిథైల్ సెల్యులోజు అను తెల్లని పొడిని వాడుట మనలో పలువురెరుగుదురు. ఆ పదార్థమునే, శుద్ధిచేసిన రకమును, ఐసుక్రీములలోను, మరికొన్ని కొట్టు తినుబండారములలోను చిక్కదనమునకై కలుపుదురు. అది అనుమతింపబడిన పదార్థమే. అయినను అమెరికాలోని అట్లాంటా నగరమున షసైంగ్, గెవిర్ట్జ్ అనువారు దానిని ఎలుకలకు త్రాగు నీటిలో కలిపి పోయగా, ప్రేగులోని జిగట పొరలోనికి సూక్ష్మజీవులు చొచ్చుకొనివచ్చెను. ఎలుకలు లావెక్కెను, చక్కెర అదుపు చెడెను. ఇది 2015 నాటి మాట. తరువాత 16 మంది ఆరోగ్యవంతులలో కొందరికి రోజునకు 15 గ్రాముల చొప్పున 11 దినములు ఇచ్చి చూచి 2022లో ప్రకటించిరి. వారిలో ఇద్దరికి మాత్రము ఎలుకలలో కనబడిన మార్పు కనబడెను. 15 గ్రాములు చాల హెచ్చు మోతాదు. మనము తినుబండారములలో అంత తినము. కనుక భయపడ పనిలేదు గాని, పడుగుకు మేలుచేయు గంజి ప్రేగులోని గంజికి మేలుచేయకపోవచ్చునన్నది మరువరాదు.

ఎలుకల ముచ్చట్లు చాలును, మనుష్యుల మాట యేమి అని పాఠకులు అడుగవచ్చును. అడుగవలెను కూడ. ఆ అట్లాంటా పరిశోధకులే 2017లో పెద్దప్రేగు పరీక్షకై వచ్చినవారి నుండి చిన్న ముక్కలు తీసి చూచిరి. రక్తములో చక్కెర ఎంత హెచ్చుగా ఉన్నచో సూక్ష్మజీవులు ప్రేగు కణములకు అంత దగ్గరగా ఉండెను. ఇది గట్టి సాక్ష్యమే. అయితే ఇందు ముందు వచ్చినదేది, వెనుక వచ్చినదేది? పొర పలుచబడి చక్కెర వచ్చినదా, చక్కెర హెచ్చి పొర పలుచబడినదా?

రెండవ మాట కూడ నిజమేయని ఇజ్రాయేలు దేశములోని వైజ్మన్ విద్యాసంస్థ పరిశోధకులు 2018లో చూపిరి. రక్తములో చక్కెర మిక్కుటముగ ఉన్న ఎలుకలలో ఆ చక్కెరయే ప్రేగు కణములలో చొరబడి సందుల కట్టును సడలించుచుండెను. చక్కెరను కణములోనికి చేరవేయు ద్వారమును ప్రేగులో మాత్రము తొలగింపగా పొర చెడలేదు. ఇన్సులిన్ ఇచ్చి చక్కెర దించగా పొర మరల బిగిసెను. లావుగా ఉండియు చక్కెర హెచ్చని ఎలుకలలో ఈ చెరుపు కనబడలేదు. ఈ ఒక్క పరిశోధన ప్రకటనల వాదమును తలక్రిందులు చేయుచున్నది. "ప్రేగు బాగైనచో చక్కెర పోవును, మాత్రలు మానుడు" అని వారందురు. మాత్రలు మానినచో చక్కెర పెరుగును; చక్కెర పెరిగినచో వారు బాగుచేయుదుమన్న ప్రేగు పొరయే మరింత చెడును. చక్కెర జబ్బు గలవారికి అంటువ్యాధులు ఏల సులభముగ తగులుకొనుచున్నవో దీనివలన కొంత బోధపడుచున్నది.

కనుక ఇది ఒక దారి కాదు, గిరగిర తిరుగు ఆసు వంటిది. ఏ వైపు పట్టి ఆపినను కొంత ప్రయోజనము కలదు. అయితే పట్టుటకు మనకు అందుబాటులో ఉన్న వైపు చక్కెరయే. దానిని కొలువవచ్చును, దించవచ్చును. ప్రేగు పొరను కొలుచుట అంత సులభము కాదు. పరిశోధనాలయములలో లాక్టులోజు, మానిటాలు అను రెండు చక్కెరలు త్రాగించి మూత్రములో అవి యెంత వచ్చినవో చూతురు. మానిటాలు చిన్న అణువు, సులభముగ దూరును. లాక్టులోజు పెద్దది, పొర బిగువుగ ఉన్నచో దాటజాలదు. రెంటి నిష్పత్తిని బట్టి వదులు తెలియును. ఈ తీరు కొలతలు వైద్యులకు పనికివచ్చును గాని, ఒక మనిషికి చక్కెర వచ్చునో రాదో చెప్పజాలవు.

బజారులో జోనులిన్ పరీక్ష అని మరియొకటి అమ్ముచున్నారు. జోనులిన్ అనునది సందుల కట్టును వదులుచేయు పదార్థము. కలరా క్రిమిని పరిశోధించుచు దాని జాడపట్టిన అలెసియో ఫసానో అను వైద్యుడు 2000లో దీనిని లోకమునకు తెలిపెను. సంగతి ఆసక్తికరమైనదే. కాని అమ్మకములో నున్న పరీక్షా సామగ్రి జోనులినును కాక వేరు పదార్థములను కొలుచుచున్నదని 2018లో జర్మనీ పరిశోధకులు బయటపెట్టిరి. తూకపురాయే తప్పైనప్పుడు తూచి యేమి లాభము? ఆ పరీక్షకు పెట్టు సొమ్ముతో మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్.బి.ఎ.1.సి. పరీక్షను చేయించుకొనుట మేలు.

పిన్నవయసున వచ్చి మొదటినుండి ఇన్సులిన్ తప్పనిసరియగు మొదటి రకపు మధుమేహము వేరు. దానిలో దేహరక్షక కణములే క్లోమమును కొట్టివేయును. అందును ప్రేగు పొర పాత్రపై పరిశోధనలు జరుగుచున్నవి. ఆ పిల్లలకు ఇన్సులిన్ ఒక్కపూట కూడ తప్పింపరాదు. ఏ పొడి పేరు చెప్పినను, ఎవరు చెప్పినను, ఇందులో రెండవ మాట లేదు.

ఇక ప్రేగు పొరకు మేలు చేయునవి యేవి? ముందు చెప్పవలసినది పీచు. మనము అరిగించుకొనలేని పీచును పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యుటిరేటు అను ఆమ్లమును తయారుచేయును. పెద్దప్రేగు కణములకు ముఖ్యాహారము అదియే. సందుల కట్టును బిగించునదియు అదియే. పీచు పెట్టనిచో సూక్ష్మజీవులు ఊరక పస్తుండునా? ఎలుకలకు పీచు మాన్పించి చూడగా అవి ప్రేగు జిగటనే మేయసాగినవని 2016లో తేలినది. చైనాలో మధుమేహ రోగులకు 12 వారములు రకరకముల పీచు హెచ్చుగా పెట్టి, మామూలు పథ్యము గలవారితో పోల్చి చూడగా, హెచ్చు పీచు తిన్నవారికి మూడు నెలల సగటు చక్కెర ఎక్కువగా దిగినది. ఆ ఫలితము 2018లో ప్రకటింపబడినది. అక్కర్మాన్సియా అను ఒక ప్రేగు బాక్టీరియాను వేడిచేసి చంపి, అధికబరువు గలవారికి మూడు నెలలు ఇచ్చినచో ఇన్సులిన్ పని కొంత మెరుగుపడెనని బెల్జియమువారు 2019లో తెలిపిరి. ఆ పరీక్షను ముగించినవారు 32 మంది మాత్రమే. అది మొదటి అడుగు, ఇంకను మందు కాలేదు.

పీచు కొరకు కొట్టుకు పోనక్కరలేదు. షోలాపూరు, భివండి సోదరులు స్థలము మారినందున జొన్నరొట్టెను మరింత దగ్గర చేసికొనిరి. అది వదలదగినది కాదు. బళ్ళారి, దొడ్డబళ్ళాపురము వైపు రాగి, సేలము, కంచి వైపు సజ్జ ఇంకను దొరకుచున్నవి. చిక్కుడు, గోరుచిక్కుడు, బెండ, ఆకుకూరలు, పొట్టుతీయని పెసలు, శనగలు, అలసందలు అన్ని చోట్లను కలవు. అయితే ఇచ్చట మోసపోవువారు చాలమంది. "అన్నము మానితిమి, రాగిముద్ద తినుచున్నాము, ఇక భయము లేదు" అని రెండింతల ముద్ద తిన్నచో చక్కెర దిగదు. పరిశోధనా మండలి వారి సర్వేలో మన దేశస్థులకు ఆహారశక్తిలో నూటికి 62 పాళ్ళు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నట్లు 2025లో తేలినది. బియ్యమునకు బదులు గోధుమపిండియో చిరుధాన్యపు పిండియో మార్చినంత మాత్రమున జబ్బు ముప్పు తగ్గినట్లు కనబడలేదు. మొత్తము పిండిని కొంత తగ్గించి పప్పు, పెరుగు, గుడ్డు, చేప వంటివి పెంచినచోట ముప్పు తక్కువగా కనబడెను. బరంపురము సోదరుల పఖాళయు, మన చద్దన్నమును కడుపునకు చల్లన. కాని పులిసినను అన్నము అన్నమే, కొలతలోనే తినవలెను.

ఆహారము మాట ఇంతలో ఆపి, మనవారు ఎక్కువగా చేయు పొరపాటును చెప్పెదము. గుంటమగ్గముపై నడుము వంచి, మరమగ్గము వద్ద రాత్రింబవళ్ళు నిలిచి, సాయంకాలమునకు నడుమునొప్పి, మోకాలినొప్పి రానివారు లేరు. మందుల కొట్టుకు పోయి డైక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో అడిగి, నెలల తరబడి మ్రింగువారు కలరు. ఈ తెగ నొప్పిమాత్రలు చిన్న ప్రేగు పొరను వదులుచేయునని 1980 దశకము నుండి వైద్యులకు రూఢిగా తెలియును. అంతేకాదు, మధుమేహమువలన మూత్రపిండములు సన్నగిల్లినవారికి ఇవి మరింత హాని. ప్రేగు పొరపై భక్తితో పొడి కొనుచు, రెండవ చేత ఈ మాత్రలు మ్రింగుట చిల్లికుండలో నీరు పోయుటయే. నొప్పికి ఏది వాడవచ్చునో డాక్టరును అడిగి వాడవలెను; మగ్గము వద్ద కూర్చుండు ఎత్తును, నడుమునకు ఆనుడును సరిచేసికొనుట మందు కంటె ముందు చేయవలసిన పని. సారాయియు ఇట్లే పొరను వదులుచేయును. దానినిగూర్చి మేము ప్రత్యేకముగ ఉపన్యసింపము, ఇంటివారు చెప్పునది చాలును.

నీటి సంగతియు చిన్నది కాదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకరు, మథన్ అను వైద్యులు 1960, 1970 దశకములలో దక్షిణదేశపు పల్లెవాసుల ప్రేగులను పరీక్షించి, జబ్బు లేనివారిలో సైతము పొర చెడియుండుట చూచిరి. మురుగు కలిసిన నీరు, ఎడతెగని విరేచనములు ప్రేగును చెరచునని తరువాతి పరిశోధనలు బలపరచినవి. అద్దకపు నీరు, మురుగు, త్రాగునీటి గొట్టము ఒకే కాలువలో పడియున్న వాడలు మనకు ఇంకను కలవు. ఇది ఒక ఇంటివారు సరిచేసికొనగల పని కాదు. శాఖా సంఘములు పురపాలకులను వెంటపడి సాధింపవలసినది.

మెట్ఫార్మిన్ మాత్రనుగూర్చి ఒక మాట. మనవారిలో పెక్కుమంది వాడు మాత్ర ఇదియే. పెక్కుమంది మానునదియు ఇదియే. మొదట కొన్ని వారములు కడుపుబ్బరము, విరేచనములు కలుగవచ్చును. "ఇది ప్రేగును చెరచుచున్నది" అని భయపడి మానుదురు, అప్పుడు పొడి అమ్మువాడు ఎదురువచ్చును. నిజమునకు ఈ మాత్ర పనిలో కొంతభాగము ప్రేగులోనే జరుగును. ఇది వాడువారి ప్రేగులో సూక్ష్మజీవుల కూర్పు మారుననియు, పైన చెప్పిన అక్కర్మాన్సియా హెచ్చుననియు పలు పరిశోధనలలో కనబడినది. కడుపులో బాధ కలిగినచో మాత్రను భోజనముతో గాని భోజనమైన వెంటనే గాని వేసికొనవలెను. అప్పటికిని తగ్గనిచో మెల్లగా కరుగు రకమును వ్రాయుమనియో, మోతాదును చిన్నదిగా మొదలుపెట్టి పెంచుమనియో డాక్టరును అడుగవలెను. ఏండ్ల తరబడి ఈ మాత్ర వాడువారిలో బి12 విటమిను తగ్గవచ్చును. అరికాళ్ళు మొద్దుబారినట్లు తోచినచో అది చక్కెరవలన వచ్చినదో, ఈ లోపమువలన వచ్చినదో రక్తపరీక్షతో తేల్చుకొనవచ్చును.